ప్రతి విశ్వాసీ మిషనరీయేనా? వెళ్లలేనివాళ్ల భాగం ఏంటి?

సాయంకాల_ప్రార్థన
మొన్న ఆదివారం మా సంఘంలో మిషన్ కూడిక పెట్టారు. ప్రసంగం చేసినాయన మత్తయి 28 తీసి, వెళ్లి సమస్త జనుల్ని శిష్యులుగా చేయండని ప్రభువు ఆజ్ఞ, వెళ్లనివాడు అవిధేయుడు, ఇంకో మాట లేదు, భారం ఉన్నవాళ్లు లేచి నిలబడండి అన్నారు. చుట్టూ అందరూ లేచారు, నేను లేవలేదు. మా అమ్మ పక్షవాతంతో మంచంలో ఉంది, పూటపూటా పక్కకి తిప్పి పడుకోబెట్టకపోతే పుండ్లు పడతాయి, నేను తప్ప చూసేవాళ్లు లేరు. నిలబడి అబద్ధం ఎలా ఆడను? కానీ కూర్చుండిపోయినందుకు అప్పట్నుంచీ మనసు పీకుతూనే ఉంది. లోకమంతా సువార్త వెళ్లాలని నాకూ ఉంది, నిజంగానే ఉంది. మరి నాలాంటివాళ్ల భాగం ఏంటి, కానుక వేసి ఊరుకోవడమేనా? ఊరడించే మాటలు వద్దు, తెలిసినవాళ్లు సూటిగా చెప్పండి.

కోతకాలం
సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెప్తా. ఆజ్ఞ ఆజ్ఞే, వీలుంటే వెళ్లండి అని ప్రభువు అనలేదు. ఈ రోజుకీ సువార్త సరిగ్గా చేరని జనాంగాలు వేలల్లో ఉన్నాయి, మిషనరీల్లో ఎక్కువమంది మాత్రం ఇప్పటికే సంఘాలున్న చోట్లకే వెళ్తున్నారు. మీ అమ్మగారి విషయం వేరు, మిమ్మల్ని అనట్లేదు సిస్టర్. కానీ ఏ ఇబ్బందీ లేనివాళ్లు కూడా మీలాంటివాళ్ల వెనక దాక్కుంటారు, నా బాధ అదీ.

వార్డు_డ్యూటీ
కోతకాలం బ్రదర్, సిలువ మీద ప్రాణం పోతున్నప్పుడు కూడా ప్రభువు తల్లిని యోహానుకి అప్పజెప్పాడు. సొంత ఇంటివాళ్లని చూసుకోనివాడు విశ్వాసాన్ని వదిలేసినట్టే అనే 1 తిమోతి 5:8 కూడా ఆయన వాక్యమే కదా. సాయంకాల గారూ, అమ్మగారి మడమల కింద కూడా రోజూ చూడండి, అందరూ వీపు ఒక్కటే చూస్తారు, మడమ దగ్గర మొదలైంది కనపడేసరికి ఆలస్యమైపోతుంది.

పాతపుస్తకాలు
ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చిన మిషనరీ విలియం కేరీ పేరు తెలియనివాళ్లు ఉండరు, ఆయన చెల్లెలు పేరు ఎంతమందికి తెలుసు? మేరీ, ఇంట్లో పాలీ అనేవాళ్లు. వయసులో ఉండగానే పక్షవాతం వచ్చి సుమారు యాభై ఏళ్లు మంచంలోనే గడిపింది, మధ్యలో కొన్నేళ్లు మాట కూడా పడిపోయింది. పనిచేసే ఒక్క చేత్తో కష్టపడి అన్నయ్యకి ఉత్తరాలు రాసేది, ఆయన పని వివరాలు అడిగి తెలుసుకుని వాటి కోసం ప్రార్థన చేసేది. కేరీ 1793లో బయల్దేరాక మళ్లీ ఇంగ్లండు వెళ్లలేదు, 1834లో బెంగాల్‌లోని సేరంపూర్‌లోనే చనిపోయాడు. అంటే ఆ అన్నాచెల్లెళ్లకి నలభై ఏళ్లు ఉత్తరాలే దిక్కు. ఆవిడ భాగం తక్కువని నేనైతే అనలేను.

ఇంకోటి, కేరీని పంపిన సొసైటీ 1792లో కెట్టరింగ్‌లో ఒక ఇంట్లో మొదలైంది, ఆ రోజు పాస్టర్లు రాసిచ్చిన చందా మొత్తం 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. కేరీ గనిలోకి దిగేవాడు, పైన తాడు పట్టుకునేవాళ్లం మేము అన్న పోలిక ఆ సొసైటీ కార్యదర్శి ఆండ్రూ ఫుల్లర్‌ది. 1815లో కన్నుమూసేదాకా ఆయన ఆ తాడు వదల్లేదు. తన సంఘాన్ని చూసుకుంటూనే ఊరూరా తిరిగి డబ్బు పోగుచేశాడు, మిషన్ మీద పార్లమెంటు దాకా వెళ్లిన విమర్శలకి జవాబులు రాశాడు, వెళ్లినవాళ్లకి ఉత్తరాలు రాశాడు.

కోతకాలం
@పాతపుస్తకాలు ఆ తాడు మాటే నన్ను కలవరపెడుతుంది అన్నా. ఫుల్లర్ ఒళ్లు అరిగిపోయేదాకా పట్టుకున్నాడు. మన దగ్గర వెళ్లినవాడి పేరేంటి, ఏ దేశం, పిల్లలెంతమంది అని అడిగితే సంఘంలో సగం మంది చెప్పలేరు, అయినా మేం తాడు పట్టుకున్నాం అంటారు.

యూత్_లీడర్
కోతకాలం అన్న చెప్పింది నిజం, మా గోడ మీద ఒక మిషనరీ కుటుంబం ఫోటో ఉంది, వాళ్లు ఎవరని పిల్లలు అడిగితే నాకే తెలియదు, ఎప్పటి ఫోటోనో కూడా తెలియదు 😟 ఈ వారం పాస్టర్ గారిని అడుగుతా

చిన్నమంద
నేను ఒక చిన్న సంఘానికి కాపరిని. ఇలాంటి కూడికల్లో లేచి నిలబడమనే పద్ధతి నాకు నచ్చదు, మొహమాటానికి లేచినవాళ్లకి ఇంటికెళ్లేలోపే దిగిపోతుంది, నిజంగా పిలుపున్నవాడు ఒక్కోసారి వెనక వరసలో తలొంచుకుని కూర్చుంటాడు. అపొస్తలుల కార్యాలు 13 చూడండి. అంతియొకయ సంఘంలో ప్రవక్తలు, బోధకులు అయిదుగురి పేర్లున్నాయి, పరిశుద్ధాత్మ అడిగింది ఇద్దరినే. మిగతావాళ్లు ఉపవాసముండి, చేతులుంచి పంపారు. 14వ అధ్యాయం చివర ఆ ఇద్దరూ తిరిగొచ్చి సంఘాన్నంతా సమకూర్చి జరిగింది చెప్పారు. వినడానికి సంఘం ఉంది. మన సంఘాల్లో వెళ్లేటప్పుడు దండలేసి పంపుతాం, తిరిగొచ్చినప్పుడు ఆరాధన ఆఖర్లో అయిదు నిమిషాలిస్తాం, అదీ ప్రకటనలు అయ్యాక.

కాబట్టి "ప్రతి విశ్వాసీ మిషనరీ" అనే మాట నేను ప్రసంగంలో వాడను. ప్రతి విశ్వాసీ సాక్షి, అందులో సందేహం లేదు. సముద్రాలు దాటి, కొత్త భాష నేర్చుకుని, సంఘం లేనిచోట సంఘం కట్టే పని మాత్రం కొందరికే అప్పగించబడుతుంది. అందరూ మిషనరీలే అనేస్తే చివరికి ఎవర్నీ పంపక్కర్లేదు అనుకుంటాం, ఆ ప్రమాదం కూడా ఉంది.

ఆక్విల_ఇంట్లో
అయ్యగారు చెప్పినదాంట్లో చివరి ముక్కతో నేను పూర్తిగా ఒప్పుకోను. అంతియొకయ సంఘాన్ని అసలు మొదలుపెట్టింది ఎవరు? 11:20లో కుప్ర, కురేనే వాళ్లు కొందరు అని ఉంది, ఒక్కరి పేరు కూడా లేదు. 8వ అధ్యాయంలో హింస వచ్చినప్పుడు అపొస్తలులు యెరూషలేములోనే ఉన్నారు, చెదిరిపోయింది మామూలు విశ్వాసులు, వెళ్లిన ప్రతిచోటా చెప్పుకుంటూ పోయింది వాళ్లే. వాళ్లని ఎవరూ చేతులుంచి పంపలేదు.

కొరియాలోనూ అంతే. అక్కడ స్థిరపడిన మొదటి ప్రొటెస్టెంట్ మిషనరీలు 1884, 1885లలో దిగారు. కానీ అంతకుముందే 1882లో మంచూరియాలో జాన్ రాస్ అనే స్కాట్లండు మిషనరీ, ఆయనతో ఉన్న కొరియా వ్యాపారులు కలిసి లూకా, యోహాను సువార్తలు కొరియా భాషలో అచ్చేశారు, ఆ పుస్తకాల్ని సరిహద్దు దాటించింది కొరియావాళ్లే. మిషనరీలు వెళ్లేసరికి బాప్తిస్మం కోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నారు. ఇవాళ ఆ దేశం నుంచి ఇరవై వేలకి పైగా మిషనరీలు వేరే దేశాల్లో ఉన్నారు.

నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగాల మీదే పరాయి దేశంలో ఉన్నాం, బహిరంగంగా ప్రకటించడానికి వీల్లేని చోటు. మమ్మల్ని ఏ సొసైటీ పంపలేదు. ఆఫీసులో పని సరిగ్గా చేస్తాం, అబద్ధపు బిల్లులు పెట్టం, పక్కింటివాళ్లకి జబ్బు చేస్తే వెళ్తాం, ఎందుకిలా ఉంటారు అని అడిగినవాళ్లకి చెప్తాం. అడిగేదాకా ఆగడం ఎంత కష్టమో అక్కడుంటేనే తెలుస్తుంది.

చిన్నమంద
@ఆక్విల_ఇంట్లో మీరన్నది ఒప్పుకుంటున్నా బ్రదర్, పేర్లు లేనివాళ్లు మొదలుపెట్టారు. అయితే కబురు వినగానే యెరూషలేము సంఘం బర్నబాని పంపింది, బర్నబా పోయి సౌలుని వెతికి తెచ్చాడు, ఏడాదంతా కూర్చుని బోధించారు. మీకు అక్కడ అలా నిలబెట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా? అది అడుగుదామనే.

ఆక్విల_ఇంట్లో
లేరు అయ్యగారూ. ఇద్దరమే. ప్రార్థనలో పెట్టండి.

చిన్నమంద
మెసేజ్ పెట్టాను, చూడండి.

ప్రశ్నించే_తోమా
ఒక విషయం ఎవరూ ఎత్తట్లేదు. మిషన్ అంటే లోకంలో చాలామందికి గుర్తొచ్చేది తుపాకీ వెనక వచ్చిన బైబిలు. నేను విశ్వాసినే, అయినా అడుగుతున్నా. చైనాలోకి మిషనరీలు ఎలా వెళ్లగలిగారు? నల్లమందు యుద్ధాల తర్వాత బలవంతంగా రాయించుకున్న ఒప్పందాల వల్ల. గుట్జ్‌లాఫ్ అనే మిషనరీ 1830ల్లో నల్లమందు ఓడల మీద దుబాసీగా వెళ్తూ కరపత్రాలు పంచాడు. ఇది మనం ఆదివారం చెప్పం. ఇప్పుడు కూడా సాయం ఎరగా చూపించి, భయపెట్టి పేర్లు రాసుకునేవాళ్లు ఉంటే దాన్ని ఏమనాలి? వెళ్లాలా వద్దా అనే ముందు ఎలా వెళ్తున్నాం అని అడగొద్దా?

కోతకాలం
తోమా గారూ, కొందరు చేసిన తప్పు చూపించి పనినంతా ఆపేద్దామా?

ప్రశ్నించే_తోమా
ఆపమని నేను ఎక్కడన్నాను బ్రదర్? శుభ్రంగా చేద్దాం అంటున్నా.

పాతపుస్తకాలు
తోమా గారు చెప్పిన గుట్జ్‌లాఫ్ విషయం నిజమే, దాచి లాభం లేదు. కానీ చరిత్ర అంతా ఒకవైపే లేదు. ఈస్టిండియా కంపెనీ మిషనరీల్ని రానిచ్చేది కాదు, వ్యాపారం చెడుతుందని భయం. కేరీ బృందం డేన్‌ల చేతిలో ఉన్న సేరంపూర్‌లో తలదాచుకుంది అందుకే. 1813లో కంపెనీ చార్టర్ మార్చాకే దారి తెరుచుకుంది.

చైనానే చూడండి. 1900లో విదేశీయుల మీద లేచిన బాక్సర్ తిరుగుబాటులో హడ్సన్ టేలర్ స్థాపించిన చైనా ఇన్లాండ్ మిషన్ వాళ్లు 58 మంది పెద్దలు, 21 మంది పిల్లలు చంపబడ్డారు. పాశ్చాత్య దేశాలు చైనా దగ్గర నష్టపరిహారం గుంజుతుంటే ఆ మిషన్ మాత్రం మాకొద్దు అంది. పిల్లల్ని పోగొట్టుకుని ఆ మాట అనడం చిన్న విషయం కాదు. కాంగోలో బెల్జియం రాజు లియోపోల్డ్ మనుషులు రబ్బరు కోసం చేసిన ఘోరాల్ని 1904లో ఫోటో తీసి లోకానికి చూపించింది ఆలిస్ హారిస్ అనే మిషనరీ. కూతురి తెగిన చెయ్యి, పాదం ముందు పెట్టుకుని వరండాలో కూర్చున్న తండ్రి ఫోటో అది.

ఇంకోవైపు శామ్యూల్ క్రౌథర్ సంగతి కూడా చెప్పాలి. చిన్నప్పుడు బానిసగా అమ్ముడుపోయి, విడుదలై, నైజీరియాలోని యొరూబా భాష బైబిలుకి మూలస్తంభమై, 1864లో ఆఫ్రికా నుంచి మొదటి ఆంగ్లికన్ బిషప్ అయ్యాడు. ముసలితనంలో ఆయన్ని కుర్ర తెల్ల మిషనరీలు పక్కకి నెట్టేశారు, 1891లో ఆ బాధతోనే పోయాడు. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. తుపాకీ లేకుండానే, ప్రార్థనలు చేస్తూనే చేశారు.

దీపస్తంభం
కొన్నేళ్లు వేరే దేశంలో పరిచర్య చేసి తిరిగొచ్చినదాన్ని. పాతపుస్తకాలు గారు చివర చెప్పినట్టు అక్కడివాళ్లని పక్కకి నెట్టేయడం నేనూ కళ్లారా చూశాను. మనం వెళ్లేసరికే ప్రభువు అక్కడ పని చేస్తూ ఉంటాడు, అది చూడ్డానికి కళ్లుండాలి. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది, సుమారు 1200 మంది ప్రతినిధులు, అందులో ఆసియా, ఆఫ్రికా వాళ్లు ఇరవై మంది లోపే. అక్కడ వి.ఎస్. అజరయ్య గారు లేచి, మీరు బీదలకి ఆస్తులిచ్చారు, కాల్చబడటానికి శరీరాలిచ్చారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులనివ్వండి అన్నారు. రెండేళ్లకి ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. నేను వెళ్లిన చోట ఏ ట్రైనింగులో చెప్పినదానికన్నా ఆ మాట ఎక్కువ పనికొచ్చింది.

యూత్_లీడర్
ఒక డౌటు. మా యూత్ వేసవిలో రెండు వారాల మిషన్ ట్రిప్ వెళ్దామనుకుంటున్నాం. ఈ థ్రెడ్ చదివాక భయమేస్తోంది. వెళ్లొచ్చా?

ప్రశ్నించే_తోమా
2007లో కొరియా నుంచి 23 మంది ఒక సంఘం తరఫున అఫ్గానిస్తాన్ వెళ్లి తాలిబన్లకి బందీలయ్యారు, ఇద్దర్ని చంపేశారు. వాళ్ల ప్రేమని నేను శంకించను. కానీ ఎవరు వెళ్లమన్నారు, అక్కడున్న విశ్వాసులకి ఏమవుతుంది అని ముందే అడగాలి. 2018లో అండమాన్‌లోని నార్త్ సెంటినెల్ దీవికి వెళ్లి చనిపోయిన జాన్ చౌ విషయం కూడా అలాంటిదే.

కోతకాలం
జాన్ చౌ ప్రాణం పెట్టాడు. కుర్చీలో కూర్చుని అతన్ని తూచే అర్హత నాకు లేదు.

వార్డు_డ్యూటీ
అతని మనసుని నేనూ తూచను బ్రదర్. కానీ ఆ దీవి వాళ్లకి మన మామూలు జలుబు, తట్టు కూడా ప్రాణం తీస్తాయి, వాళ్ల ఒంట్లో వాటిని తట్టుకునే శక్తి లేదు. వెళ్లకూడదని చట్టం పెట్టింది అందుకే. నాకు వ్యాధుల గురించి తెలుసు కాబట్టి ఆ చట్టం సరైనదే అంటాను.

కోతకాలం
1956లో ఈక్వడార్‌లో మిషనరీలు జిమ్ ఇలియట్, ఇంకో నలుగురు చంపబడ్డప్పుడు కూడా తొందరపడ్డారనే అన్నారు. రెండేళ్లకి జిమ్ భార్య ఎలిజబెత్ చిన్నపిల్లని చంకనేసుకుని, ఆ అయిదుగురిలో ఒకరి అక్క రేచల్ సెయింట్‌తో కలిసి వాళ్లని చంపిన ఆ వావొరానీ తెగ మధ్యకే వెళ్లి ఉంది. చంపినవాళ్లలో కొందరు విశ్వాసులయ్యారు. అన్నీ లెక్కలేసుకుంటే ఇది జరిగేదా?

దీపస్తంభం
@కోతకాలం తమ్ముడూ, ఆ ఇద్దరూ ఊరికే వెళ్లలేదు. ఆ తెగ నుంచే బయటికొచ్చిన దయూమా అనే అమ్మాయి దగ్గర రేచల్ ముందు భాష నేర్చుకుంది, ఆ అమ్మాయి వెనక్కి వెళ్లి వాళ్లని పిలిపించాకే వెళ్లారు. ధైర్యంతో పాటు ఓపిక కూడా ఉంది అందులో.

@యూత్_లీడర్ వెళ్లొచ్చు బాబూ, కానీ అక్కడున్నవాళ్లు రమ్మంటేనే. నేనున్న చోటికి టీములు వచ్చేవి. వచ్చిన ప్రతిసారీ నా భాష క్లాసు ఆగిపోయేది, వాళ్లకి దుబాసీగా, వంటమనిషిగా, డ్రైవరుగా తిరిగేదాన్ని, వాళ్లు వెళ్లాక ఊళ్లోవాళ్లు మీ వాళ్లు అన్నీ ఫోటోలు తీసుకున్నారేంటి అని అడిగేవాళ్లు. ఒక టీములో ఒక కుర్రాడు మాత్రం కెమెరా తీయలేదు. సంఘం పెద్ద ఒకాయన బావి మోటారు విప్పి కూర్చుంటే పక్కనే గొంతుక్కూర్చుని, మాట రాకపోయినా పానా అందించుకుంటూ మధ్యాహ్నమంతా ఉన్నాడు. ఆ పెద్దాయన చాలాకాలం ఆ అబ్బాయినే అడిగేవాడు. అలా వెళ్లగలిగితే వెళ్లండి.

యూత్_లీడర్
రాసుకున్నా అక్కా. ముందు అక్కడి పాస్టర్ గారిని అడిగి, ఆయన వద్దంటే మానేసి ఆ టికెట్ల డబ్బు ఆయనకే పంపుతాం

లెక్కలు_చూసేవాడు
డబ్బు మాటొచ్చింది కాబట్టి. ఒక మిషన్‌కి ఖాతాలు చూస్తాను. సాయంకాల గారు "కానుక వేసి ఊరుకోవడమేనా" అన్నారు, ఆ "ఊరుకోవడం" దగ్గరే మాకు కష్టం. పెద్ద కూడిక అయిన నెలలో కానుకలు పొంగుతాయి, నాలుగో నెలకి సగం కూడా ఉండవు. అక్కడ కుటుంబానికి మాత్రం ప్రతి నెలా ఇంటద్దె ఒకటే. చిన్న మొత్తమైనా ఆగకుండా ఇచ్చేవాళ్ల వల్లే పనులు నిలబడుతున్నాయి, ఎక్కువమంది పెన్షన్ మీద బతికే ముసలివాళ్లే.

ఇంకో సంగతి. కొత్త భాష నేర్చుకోవడానికే మొదటి రెండు మూడేళ్లు పోతాయి, అప్పుడు రిపోర్టులో రాయడానికి ఏమీ ఉండదు. సరిగ్గా అప్పుడే ఇచ్చేవాళ్లు ఎంతమంది రక్షించబడ్డారు అని అడిగి, అంకె లేకపోతే ఆపేస్తారు. అమెరికా మిషనరీ అడోనిరామ్ జడ్సన్ 1813లో బర్మా చేరితే మొదటి విశ్వాసి బాప్తిస్మం 1819లో. మధ్యలో పసిబిడ్డని అక్కడే పాతిపెట్టుకున్నారు. తర్వాత ఏడాదికి పైగా జైలు. బర్మా భాషలో బైబిలు 1834కి పూర్తి చేశాడు. ఆరేళ్లు అంకె లేని మనిషిని మనం మోసేవాళ్లమా? అంకెల కోసం ఒత్తిడి పెట్టి పెట్టి వాళ్ల చేత ఎక్కువ రాయించేది కూడా మనమే, తోమా గారు అడిగిన పేర్లు రాసుకోవడం అక్కడ్నుంచే మొదలవుతుంది.

ప్రశ్నించే_తోమా
ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇచ్చేవాడి దురాశ కూడా అందులో ఉందన్నమాట.

పాతపుస్తకాలు
చిన్న కానుక అంటే గుర్తొచ్చింది. చైనాలో ఉన్న అమెరికా మిషనరీ లాటీ మూన్ తనకి తోడుగా మనుషుల్ని పంపమని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. 1888లో అమెరికాలో సదరన్ బాప్టిస్టు స్త్రీలు క్రిస్మస్‌కి కానుక పట్టారు, ముగ్గురిని పంపడానికి సరిపోయింది, 3,315 డాలర్లు. ఆ క్రిస్మస్ కానుక ఇప్పటికీ ఏటా జరుగుతోంది.

వార్డు_డ్యూటీ
పాతపుస్తకాలు గారు ఉంటే వేరే లైబ్రరీ అక్కర్లేదు 😊 ఇంకా చెప్పండి సార్

తిరుగుపక్షి
మిషనరీల కొడుకుని నేను, ఎక్కువ రాయను అనుకుంటూనే మొదలుపెట్టా. సెలవు మీద స్వదేశం వచ్చినప్పుడల్లా మా నలుగుర్నీ స్టేజీ ఎక్కించి ఆ దేశపు బట్టల్లో, ఆ భాషలో పాట పాడమనేవాళ్లు. నాకు పదమూడేళ్లు, సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. కూడిక అయ్యాక అందరూ నాన్నతో మాట్లాడేవాళ్లు, నీకు అక్కడ ఫ్రెండ్స్ ఉన్నారా అని ఒక్కరూ అడిగేవాళ్లు కాదు. మీ ఊరేది అంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు, ఇప్పటికీ తెలియదు.

ఒక ఆంటీ మాత్రం వేరు. ఆవిడెప్పుడూ విమానం ఎక్కలేదు, కుట్టుపని చేసుకునేది. అమ్మానాన్నలకి కాకుండా మాకు పేరుపేరునా రాసేది, ప్రార్థన చేస్తున్నాను అనే మాటతో సరిపెట్టేది కాదు, లెక్కల పరీక్ష ఏమైంది, పోయినసారి చెప్పిన కుక్కపిల్ల పెద్దదయిందా అని అడిగేది. హాస్టల్‌లో ఉన్నప్పుడు ఆ ఉత్తరాలే ఆధారం. నేను విశ్వాసంలో నిలబడ్డానంటే నాన్న ప్రసంగాలతో పాటు ఆ ఉత్తరాలు కూడా కారణం. సాయంకాల అక్కా, మీరు సూటిగా చెప్పమన్నారు, ఇదీ నా జవాబు.

సాయంకాల_ప్రార్థన
తిరుగుపక్షి తమ్ముడూ, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. పాలీ గురించి అమ్మకి చదివి వినిపించాను, మళ్లీ చదవమంది. అమ్మకి మాట స్పష్టంగా రాదు గానీ వినికిడి బాగుంది, ప్రార్థనంటే ఇష్టం. మా సంఘం నుంచి వెళ్లిన కుటుంబం పేరు, పిల్లల పేర్లు అడిగి తీసుకున్నా. ఏం రాయాలి, ఎంత రాయాలి, ఏం రాయకూడదు? దీపస్తంభం అక్కా మీరే చెప్పాలి.

అనువాదం_డెస్క్
అక్క జవాబిచ్చేలోపు ఒక మాట. లోకంలో ఏడు వేలకి పైగా భాషలున్నాయి, పూర్తి బైబిలు ఉన్నవి ఏడు వందల చిల్లరే. నేను చేసే పని ఆ ఖాళీలో చిన్న ముక్క. అనువాదం అంటే ఒకాయన గదిలో కూర్చుని రాసేయడం అనుకుంటారు. ఆ భాష సొంతంగా మాట్లాడే బృందం మొదటి ప్రతి రాస్తుంది. తర్వాత ఆ వచనాలు ఎప్పుడూ చూడని ఊరివాళ్లకి చదివి వినిపించి, ఏం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి అంటారు. వాళ్లు చెప్పింది వేరేగా ఉంటే ప్రతి మళ్లీ మొదటికొస్తుంది. ఆ తర్వాత మూలభాష తెలిసినవాళ్లు చూసేందుకు ఇంకొకరు దాన్ని వెనక్కి అనువదిస్తారు. ఒక్క మార్కు సువార్తకే నెలలు పడుతుంది.

ఇందులో ఊరు కదలకుండా చేసే పని బోలెడు. ఫాంట్లు, కీబోర్డులు తయారుచేసేవాళ్లు, అచ్చుకి పేజీలు కట్టేవాళ్లు, ఒక పేరు యాభై చోట్ల ఒకేలా ఉందా అని చూసేవాళ్లు, చదవడం రానివాళ్ల కోసం రికార్డింగులు శుభ్రం చేసేవాళ్లు. మాతో పనిచేసే ఒకావిడ చక్రాల కుర్చీలోంచి పేజీలు చూస్తుంది, ఆవిడ కంట్లో పడకుండా ఒక్క చుక్క కూడా జారదు. కోతకాలం అన్నా, మనుషులు కావాల్సింది ఇక్కడ కూడా.

కోతకాలం
ఒప్పుకుంటున్నా. కానీ ఒకటి మాత్రం వదలను. ఈ థ్రెడ్ చదివే పాతికేళ్ల పిల్లలు, ఏ బాధ్యతా లేనివాళ్లు, మేము కూడా కీబోర్డు చూసుకుంటాం అనుకుంటే నాకు బాధే. 1732లో కరీబియన్‌లోని సెయింట్ థామస్ దీవిలో బానిసల దగ్గరకి వెళ్లిన మొరేవియన్ సంఘంవాళ్లు ఇద్దరూ ఎవరు? ఒకడు కుమ్మరి, ఒకడు వడ్రంగి. వాళ్లు బయల్దేరిన జర్మనీ ఊరు హెర్న్‌హుట్‌లోనే 1727 నుంచి గంటల వంతులేసుకుని రాత్రింబవళ్లు ప్రార్థన నడిచింది, వందేళ్లకి పైగా ఆగలేదు. అంటే ప్రార్థించే ఊరే మనుషుల్ని పంపింది. ప్రార్థిస్తే ఎవరో ఒకరు లేవాలి కదా.

చిన్నమంద
ఈ మాట దగ్గర నేను మీ వెనకే ఉన్నాను బ్రదర్. నా సంఘంలో ఒక అమ్మాయి నర్సింగ్ చదివి వెళ్తానంటోంది, ఇంట్లో వద్దంటున్నారు. తల్లిదండ్రులతో ఎలా మాట్లాడాలో తెలియక తిరుగుతున్నా. పెద్ద సంఘం కాదు, ఆమెని పోషించగలమా అని కమిటీ కూడా వెనకాడుతోంది.

లెక్కలు_చూసేవాడు
అయ్యగారూ ఒక్క సంఘమే మోయక్కర్లేదు, నాలుగైదు చిన్న సంఘాలు కలిసి ఒకరిని పంపుతుంటాయి. పద్ధతి ఎలాగో మెసేజ్‌లో పంపుతా, కమిటీకి చూపించండి.

దీపస్తంభం
@చిన్నమంద ఆ అమ్మాయి తల్లితో నేను మాట్లాడతాను, నన్ను పంపేటప్పుడు మా అమ్మ కూడా ఏడ్చింది.

@సాయంకాల_ప్రార్థన రాయకూడనివి ముందు చెప్తా. వాళ్లున్నది ఆంక్షలున్న దేశమైతే మిషనరీ, బాప్తిస్మం, సంఘం అనే మాటలు ఈమెయిల్లో, వాట్సాప్‌లో పెట్టొద్దు. కొత్తగా నమ్మినవాళ్ల పేర్లు అసలు అడగొద్దు, వాళ్ల ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. మనం ఆనందంతో పెట్టిన పోస్టుకి అక్కడ ఇంకొకరి ఉద్యోగం పోవచ్చు, వీసా పోవచ్చు, ప్రాణం మీదకి రావచ్చు. ఏ మాటలు వాడొచ్చో ఆ కుటుంబాన్నే అడిగి తెలుసుకోండి, ప్రతి మిషన్‌కీ ఒక పద్ధతి ఉంటుంది.

ఇక రాయాల్సినవి. పెద్ద పెద్ద వాక్యాలు వద్దు, వాళ్ల దగ్గర బైబిలు ఉంది. మీ ఇంట్లో సంగతులు రాయండి, అమ్మ ఇవాళ నవ్వింది అని రాయండి, అలాంటి మామూలు కబుర్లకి మొహం వాచిపోయి ఉంటాం అక్కడ. పోయిన ఉత్తరంలో వాళ్లేదన్నా చెప్పి ఉంటే అది ఏమైందని అడగండి. ఆ ఇంటి ఇల్లాలికి విడిగా రాయండి, అందరూ భర్త పేరుకే రాస్తారు. వాళ్లు బాగాలేమని రాస్తే కంగారుపడి కమిటీకి చెప్పేయకండి, ఎవరికో ఒకరికి చెప్పుకునే చోటు కావాలి. తిరిగొచ్చినప్పుడు రాగానే సాక్ష్యం చెప్పమనకండి, ముందు నిద్రపోనివ్వండి.

సాయంకాల_ప్రార్థన
జవాబు రాకపోతే? విసిగిస్తున్నానేమో అనిపించదా?

దీపస్తంభం
రాకపోతే మళ్లీ రాయండి, కింద "జవాబు అక్కర్లేదు" అని ఒక ముక్క పెట్టండి. నెట్ ఉండదు, జ్వరాలుంటాయి, ఒక్కోసారి నెలల తరబడి ఏమీ రాయబుద్ధి కాదు. నేను జవాబివ్వని ఉత్తరాలన్నీ చదివాను. పిల్లల పుట్టినరోజులు కూడా అడిగి తీసుకోండి, పోస్టులో పంపితే నెల ముందే వేయాలి.

అనువాదం_డెస్క్
@సాయంకాల_ప్రార్థన అమ్మగారికి వినికిడి బాగుందన్నారు కదా. తెలుగు ఆడియో రికార్డింగులు కొన్ని ఉన్నాయి, ఎక్కడ మాట మింగేశారో, ఎక్కడ వేగం ఎక్కువైందో విని చెప్పేవాళ్లు కావాలి. అమ్మగారు వింటూ చెయ్యి ఎత్తితే మీరు ఆ నిమిషం, సెకను రాసుకుంటే చాలు. ఇష్టమైతే చెప్పండి, మొదటి ఫైలు రేపే పంపుతా.

సాయంకాల_ప్రార్థన
పంపండి. మధ్యాహ్నం మూడు తర్వాత అయితే అమ్మ మెలకువగా ఉంటుంది.